గూడు కుండ ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీయాలి?

ప్రశ్న: గత జూలైలో ఒక బడ్జీల (బజారులో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే చిన్న చిలుకల) జతను కొన్నాము. అప్పటికి వాటి వయసు ఆరు నెలలని దుకాణంలో చెప్పారు. పంజరంతోపాటు ఇచ్చిన మట్టి కుండను ఆ రోజే కట్టాము. నెలన్నరకే ఆడపక్షి ఐదు గుడ్లు పెట్టింది. మూడు పొదిగి పిల్లలయ్యాయి, అందులో రెండోది నాలుగో రోజున చనిపోయింది. మిగిలిన రెండింటికి ఇప్పుడు 24 రోజులు, 20 రోజులు. చిన్నదాని కాళ్లు రెండూ పక్కలకు చాపుకుపోయి ఉన్నాయి. నాలుగు రోజులుగా తల్లి పెద్ద పిల్ల తల మీద, వీపు మీద ఈకలు పీకేస్తోంది, నిన్న రక్తం కూడా కనిపించింది. పైగా అదే కుండలో మళ్లీ రెండు గుడ్లు పెట్టింది. పిల్లలను బయటకు తీసి, పసిపాపలకు పెట్టే సిరియల్‌తో పెంచవచ్చా? మనిషి చెయ్యి తగిలితే తల్లి చంపేస్తుందని మా అత్తగారు అంటున్నారు, నిజమేనా? ఆ రెండు గుడ్లు ఎందుకు పొదగలేదు?
– ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం: ముందుగా ఈ రోజే చేయవలసిన పని చెబుతాను. పిల్లలను కాదు, తల్లిని బయటకు తీయండి. మరొక పంజరం సంపాదించి, అందులో కుండగానీ పెట్టెగానీ కొబ్బరిచిప్పగానీ ఏదీ పెట్టకుండా, ఆడపక్షిని ఒక్కదాన్నే అందులోకి మార్చండి. పిల్లలు, తండ్రి పాత పంజరంలోనే, పాత కుండతోనే ఉండాలి. ఈ వయసు పిల్లలను మగపక్షి ఒంటరిగా మేపగలదు. నిజానికి పిల్లలకు మూడు వారాలు దాటాక మేపే పనిలో ఎక్కువ భాగం దానిదే, గూటి నుంచి బయటకు వచ్చాక దాదాపు అంతా దానిదే. తల్లి మరో విడత గుడ్లకు సిద్ధమైనప్పుడు గూట్లో ఉన్న పెద్ద పిల్లలు దానికి అడ్డంగా కనిపిస్తాయి. వాటిని తరిమేయడానికే ఈకలు పీకుతుంది. రక్తం వచ్చేదాకా వెళ్లిందంటే ఇక ఆగదు, తల మీద గాయం చేసి పిల్లను చంపేసే ఆడపక్షులు కూడా ఉన్నాయి. పీకిన చోట చర్మం చీరుకుపోకపోతే ఈకలు కొన్ని వారాల్లో మళ్లీ వస్తాయి. రక్తం కారిన చోటును గోరువెచ్చని ఉప్పునీటిలో ముంచిన దూదితో ఒత్తకుండా తుడిచి వదిలేయండి. నూనె, పసుపు ముద్ద, మనుషులు వాడే ఆయింట్‌మెంట్లు రాయవద్దు, జిడ్డు ఈకలకు పట్టితే పిల్ల ఒంటి వేడి నిలవదు.

తల్లిని మార్చిన రోజు సాయంత్రం ఒకసారి, మర్నాడు ఉదయం ఒకసారి పిల్లల మేత సంచి చూడండి. అది మెడ కింద, రొమ్ముకు పైన ఉంటుంది. ఈకలు పూర్తిగా కప్పని పిల్లలో చర్మం పల్చగా ఉండటంవల్ల లోపలి గింజలు ఒక్కొక్కటిగా కంటికి కనిపిస్తాయి. రాత్రి పడుకునే వేళకు అది ఉబ్బెత్తుగా, మెత్తగా ఉండాలి, తెల్లవారేసరికి చాలావరకు తగ్గిపోవాలి. ఇలా ఉంటే తండ్రి బాధ్యత తీసుకున్నట్టే, మీరు చేతితో ఏమీ పెట్టనక్కర్లేదు. చిన్న పిల్లకు ఈకలు ఇంకా పూర్తిగా రాలేదు, రాత్రిళ్లు తల్లి వెచ్చదనం కూడా ఉండదు కాబట్టి కుండలో చిత్రిక పట్టగా రాలిన చెక్క పొట్టు కాస్త మందంగా వేసి, రెండు పిల్లలూ ఒకదానికొకటి ఆనుకుని పడుకునేటట్టు చూడండి. ఏలూరులో ఈ నెలల చలికి అంతకు మించి అవసరం ఉండదు.

ఇక కుండలోని కొత్త గుడ్ల మీద ఆశ వదులుకోండి. వాటిని తీసి పారేయండి. ఇది మీకు కష్టంగా అనిపిస్తుందని తెలుసు, కానీ ఆ గుడ్లు నిలబెట్టాలంటే ఉన్న పిల్లలనో తల్లినో పణంగా పెట్టవలసి వస్తుంది. గూడు అలాగే ఉంచి గుడ్లు మాత్రం తీసేస్తే ఆడపక్షి వాటి బదులు మరికొన్ని పెడుతూ పోతుంది, అందుకే గుడ్లు తీయడమూ గూడుకు దూరం చేయడమూ ఒకేసారి జరగాలి. కొత్త పంజరంలో అది ఒకటో రెండో గుడ్లు నేల మీద పెట్టవచ్చు, కంగారు పడవద్దు.

మీ ఉత్తరంలో నాకు అన్నింటికంటే ఆందోళన కలిగించింది పిల్లలు కాదు, ఆ తల్లి. ఏడున్నర నెలలకే తొలి గుడ్డు పెట్టి, ఐదు గుడ్లకు సరిపడా కాల్షియం తన ఒంట్లోంచి తీసి ఇచ్చి, పిల్లలను మేపుతూ, వాటి రెక్కలు రాకముందే మళ్లీ గుడ్లు పెడుతోంది. బడ్జీ ఆడపక్షికి కనీసం పది నెలలు, వీలైతే ఏడాది నిండాకే గూడు ఇవ్వాలి. అంతకంటే లేత వయసులో, లేదా విరామం లేకుండా గుడ్లు పెట్టే పక్షికి గుడ్డు లోపలే ఇరుక్కుపోయే ప్రమాదం ఎక్కువ. ఒళ్లంతా ఈకలు ఉబ్బించుకుని, దండెం మీద నిలవలేక పంజరం అడుగున చేరి, తోక పైకీ కిందికీ ఆడిస్తూ ముక్కుతుంటే, వెనుక భాగం ఉబ్బి కనిపిస్తుంటే అదే ఆపద. అప్పుడు పక్షిని చిన్న పెట్టెలోకి మార్చి, పక్కన బల్బు పెట్టి లోపల 30 డిగ్రీల పైచిలుకు వెచ్చదనం ఉండేటట్టు చూసి, తడిబట్ట ఒకటి దగ్గరలో వేసి గాలిలో చెమ్మ ఉంచి, ఆలస్యం చేయకుండా పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి. పొట్ట నొక్కి గుడ్డు బయటకు తీయాలని మాత్రం చూడకండి, లోపల పగిలితే పక్షి బతకదు. మీకు గన్నవరం పశువైద్య కళాశాల దగ్గరే, ఆ ఫోను నంబరు ముందే రాసి పెట్టుకోవడం మంచిది. గుడ్డు ఇరుక్కున్న పక్షికి గంటలే ఉంటాయి, రోజులు ఉండవు.

ఇదంతా ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే ఈ పక్షి ఎక్కడిదో చూడాలి. మన బజారులో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే ఈ బడ్జీలు ఆస్ట్రేలియా లోపలి మెట్ట ప్రాంతాలవి. అక్కడ వాన ఎప్పుడు పడుతుందో, గడ్డి గింజలు ఎప్పుడు పండుతాయో చెప్పలేము. అందుకని ఈ పక్షులు ఒక ఋతువు కోసం ఎదురుచూడవు, వాన పడి గింజ దొరికి, చెట్టు తొర్ర ఒకటి ఖాళీగా కనిపిస్తే చాలు, వెంటనే గుడ్లు పెడతాయి, ఆ మంచి రోజులు ఉన్నంతకాలం విడత మీద విడత పెడుతూనే ఉంటాయి. కరువు రాగానే ఆగిపోతాయి. మన పంజరంలో కరువు రాదు. గింజల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంటుంది, నీళ్లు ఉంటాయి, తొర్ర స్థానంలో కుండ వేలాడుతూ ఉంటుంది. అంటే పక్షి లెక్కలో వాన ఆగలేదు. దానికి తనంతట తాను ఆగడం తెలియదు కాబట్టి ఆపవలసింది మీరే, అందుకు మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క గట్టి సాధనం ఆ కుండ. పంజరంతోపాటు కుండ ఉచితంగా ఇచ్చే దుకాణాల అలవాటు నాకు ఎంతమాత్రం నచ్చదు, కొన్నవారు దాన్ని ఇంటికి రాగానే కట్టాలనే అనుకుంటారు.

చిన్న పిల్ల కాళ్ల విషయం కూడా చాలావరకు ఆ కుండ నుంచే వచ్చింది. కుండ అడుగు నున్నగా ఉంటుంది. బరువైన తల్లి పైన కూర్చున్నప్పుడు పట్టు దొరకని లేత కాళ్లు చెరొక పక్కకు జారిపోతాయి, ఎముక ఆ తీరుగానే గట్టిపడుతుంది. తల్లికి కాల్షియం చాలకపోతే ఇది మరింత త్వరగా జరుగుతుంది. మొదటి రెండు వారాల్లో పట్టుకుంటే దాదాపు పూర్తిగా సరిచేయవచ్చు, 20 రోజులకు పూర్తి ఫలితం వస్తుందని మాట ఇవ్వలేను గానీ, ఇంకా ప్రయత్నించదగిన వయసే. రెండు కాళ్లకూ మెత్తటి పేపర్ టేపును వదులుగా చుట్టి, రెండింటి మధ్య పక్షి మామూలుగా నిలబడేటంత ఎడం ఉండేలా కలిపి ఉంచుతారు. అలా కట్టిన కాళ్లు పొట్ట కిందికి వస్తాయి. మొదటిసారి వైద్యుని చేత కట్టించండి, ఎందుకంటే కాస్త బిగిసినా పాదానికి రక్తం అందదు. ఇంటికి వచ్చాక రోజూ పాదాల రంగు, వాపు చూడాలి, పెరిగే పిల్ల కాబట్టి రెండు మూడు రోజులకు ఒకసారి విప్పి మళ్లీ కట్టాలి. ఒకవేళ కాళ్లు పూర్తిగా నిలవకపోయినా ఆ పక్షి బతకలేదని అనుకోవద్దు. సన్నటి దండెం బదులు వెడల్పాటి చెక్క పలకలు, గిన్నెలు అందేటంత తక్కువ ఎత్తులో ఏర్పాటు చేస్తే అలాంటి పక్షులు ఏళ్ల తరబడి హాయిగా బతుకుతాయి. పిల్లలను పెట్టించడానికి మాత్రం వాటిని వాడకూడదు.

మీ అత్తగారి మాటకు వస్తే, అది చాలా ఇళ్లలో వినిపించేదే, కానీ బడ్జీల విషయంలో నిజం కాదు. ఈ పక్షులను పెంచేవారు రోజూ గూడు తెరిచి చూస్తారు, పిల్లలకు ఐదు నుంచి పది రోజుల వయసు మధ్య వాటిని చేతిలోకి తీసుకుని కాలికి రింగు కూడా తొడుగుతారు. తల్లులు ఎప్పటిలాగే మేపుతాయి. పిల్లలను వదిలేసేది చెయ్యి తగిలినందుకు కాదు, బెదిరినందుకు. రాత్రిపూట టార్చి వేసి కుండ కదిపితేనో, తల్లి లోపల ఉండగా చెయ్యి పెడితేనో అది అదిరిపడి గుడ్లు తొక్కుతుంది. ఉదయం పూట తల్లి రెట్ట వేయడానికి, గింజ తినడానికి బయటకు వచ్చినప్పుడు చూడటం సరైన పద్ధతి. పొదిగే ఆడపక్షి రెట్ట మామూలు కంటే చాలా పెద్దదిగా, మెత్తగా, దుర్వాసనతో ఉంటుంది. గూడు పాడు కాకుండా గంటల తరబడి బిగబట్టుకోవడంవల్ల అలా అవుతుంది, అది విరేచనం కాదు. అలా చూసినప్పుడు పిల్లల కాళ్ల వేళ్లకు గట్టిపడిన రెట్ట ఉండలు కట్టి ఉంటే గోరువెచ్చని నీటిలో నానబెట్టి మెల్లగా తీయాలి, లాగితే గోరు ఊడి వస్తుంది. పై ముక్కు లోపలి వైపు ఎండిన మేత అంటుకుపోయి ఉందేమో కూడా చూడాలి, దాన్ని అగ్గిపుల్ల చివరతో తీయకపోతే కింది ముక్కు ముందుకు పెరిగి పక్షి జీవితాంతం గింజ ఒలుచుకోవడానికి ఇబ్బంది పడుతుంది.

ఇలా రోజూ చూసి ఉంటే నాలుగో రోజున పోయిన పిల్ల సంగతి కూడా తెలిసి ఉండేది. తొలి రోజుల్లో తల్లి తన కడుపులో ఊరే పాలవంటి ద్రవాన్ని పిల్ల నోట పోస్తుంది, గింజలు తర్వాత నెమ్మదిగా కలుస్తాయి. చనిపోయిన పిల్ల మేత సంచి ఖాళీగా ఉంటే తల్లి మేపలేదని, నిండుగా ఉంటే చలికో, తల్లి కాళ్ల కింద నలిగో, రోగంవల్లో పోయిందని అర్థం. తొలి విడతలో, అందులోనూ లేత వయసు తల్లి దగ్గర, ఒకటి రెండు పిల్లలు పోవడం ఎక్కువగానే జరుగుతుంది.

పొదగని గుడ్లు ఏవో కూడా వారం రోజుల్లోనే తెలుసుకోవచ్చు. చీకటి గదిలో గుడ్డు వెనుక సెల్‌ఫోను లైటు పెట్టి చూస్తే, ఐదారు రోజులు పొదిగిన గుడ్డులో సాలెగూడులా ఎర్రటి సన్నని నరాలు కనిపిస్తాయి. ఏమీ లేకుండా పసుపుపచ్చగా వెలిగితే అది గొడ్డు గుడ్డు. మీ ఐదింటిలో మూడు పొదిగాయి కాబట్టి మగపక్షిలో లోపం లేదు. దండెం సంగతి ఒకసారి చూడండి. పంజరంతో వచ్చే నున్నటి ప్లాస్టిక్ కడ్డీ మీద, అదీ వదులుగా తిరుగుతుంటే, పట్టు దొరకక పక్షులు సరిగ్గా జతకట్టలేవు. బొటనవేలు లావున్న జామ కొమ్మో వేప కొమ్మో తెచ్చి కదలకుండా బిగించండి. మిగతా గుడ్లు పిల్లలయ్యేదాకా గొడ్డు గుడ్లను గూట్లోనే ఉంచడం మంచిది, ఒంటరిగా ఉన్న పిల్ల ఆనుకోవడానికి పనికివస్తాయి. నరాలు కనిపించి కూడా చివరిలో పోయిన గుడ్డయితే గాలిలో చెమ్మ చాలలేదని అనుమానించాలి. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పెడితే ఆడపక్షి రొమ్ము తడుపుకుని వచ్చి కూర్చుంటుంది, గుడ్లకు కావలసిన తడి అలా అందుతుంది.

పసిపాపల సిరియల్ వద్దు. అందులో పాలపొడి ఉంటుంది, పాలలోని చక్కెరను పక్షులు అరిగించుకోలేవు. పైగా చేతితో మేపడం చూసినంత తేలిక కాదు. మేత పల్చగా, 40 డిగ్రీల వేడికి అటూ ఇటూగా ఉండాలి. వేడెక్కువైతే మేత సంచి కాలి చిల్లు పడుతుంది, చల్లారితే అరగక అక్కడే పులుస్తుంది, తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్ల మీ చేతిలోనే పోతుంది. తండ్రి మేపడం మానేసి, మేత సంచి ఒక పూటంతా ఖాళీగా ఉంటే తప్ప ఆ పనికి దిగవద్దు. దిగవలసి వస్తే పక్షి పిల్లల కోసమే అమ్మే పొడిని కొని, ఒకసారి వైద్యుని దగ్గర చూసి నేర్చుకోండి. మీకు తెలిసినవారి ఇంట్లో అదే వయసు పిల్లలున్న జత ఉంటే వాటిలో కలపడం అన్నింటికంటే మేలు, బడ్జీలు ఇతరుల పిల్లలను పెద్దగా అభ్యంతరం లేకుండా మేపుతాయి.

తండ్రికి ఇప్పుడు మేత బాగా ఉండాలి. కొర్రలు, సామలు, వరిగలు కలిపిన గింజలు ఎలాగూ ఉంటాయి. వాటికి తోడు రోజూ ఉదయం ఉడికించిన కోడిగుడ్డును పెంకుతో సహా చిదిమి ఒక చెంచాడు, నానబెట్టి మొలకెత్తించిన కొర్రలు కొన్ని, కడిగి తడి ఆర్చిన మునగాకు, కొత్తిమీర పెట్టండి. పాలకూర ఎప్పుడో ఒకసారి చాలు, అది కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. మన ఉక్కకు గుడ్డు, మొలకలు రెండు మూడు గంటల్లోనే పాడవుతాయి కనుక మిగిలింది తీసేయాలి. తల్లి పంజరంలో మాత్రం గుడ్డూ మొలకలూ కొంతకాలం ఆపండి. ఆ మేతే దానికి వాన కబురు. దానికి గింజలు, ఆకు, ముఖ్యంగా సముద్రపు నురుగు ముక్క చాలు. పక్షుల దుకాణంలో కటిల్ బోన్ పేరుతో దొరికేది, మూలికల కొట్లో సముద్రపు నురుగు పేరుతో అమ్మేది ఒకటే. పంజరం కడ్డీకి గట్టిగా కట్టండి, తనకు కావలసినంత అదే గీకి తింటుంది. సాయంత్రం ఆరు తర్వాత పంజరం మీద గుడ్డ కప్పి వెలుతురు తగ్గిస్తే గుడ్ల తొందర ఇంకా త్వరగా చల్లారుతుంది.

పంజరం ఉన్న చోటు గురించి మీరు రాయలేదు గానీ, మన ఇళ్లలో గూటి పిల్లలకు పిల్లి కంటే చీమల భయమే ఎక్కువ. కారిన మేత వాసనకు వచ్చి ఒక్క రాత్రిలో పిల్లను చంపేస్తాయి. పంజరాన్ని స్టాండు మీద పెట్టి నాలుగు కాళ్లూ నీళ్ల గిన్నెల్లో ఉంచండి, చీమల మందు పొడులు దగ్గరికి రానివ్వకండి. దోమల చుట్టల పొగ, అగరుబత్తి పొగ, మాడిన నాన్‌స్టిక్ పెనం ఆవిరి పక్షుల ఊపిరితిత్తులకు విషం, కాబట్టి వంటింట్లో, పూజగది పక్కన పెట్టకూడదు. పంజరం కడిగినప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఎండిన రెట్ట దుమ్ము ద్వారా మనుషులకు సోకే జబ్బులు కొన్ని ఉన్నాయి, ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే మరీ జాగ్రత్త.

పిల్లలు 30 నుంచి 35 రోజుల మధ్య గూటి నుంచి వస్తాయి. వచ్చిన తర్వాత కూడా వారం పది రోజులు తండ్రి నోటి నుంచే తింటాయి, తొందరపడి వేరు చేస్తే గింజ ఒలవడం రాక చిక్కి చనిపోతాయి. పంజరం అడుగున కొర్ర కంకులు పరచండి, ఆడుకుంటూ పొడిచి పొడిచి ఒలవడం నేర్చుకుంటాయి. వాటి ముందు గింజల పొట్టు పేరుకుంటోందంటే, మేత సంచి వాటంతటవే నింపుకుంటున్నాయంటే అప్పుడు వేరు చేయవచ్చు, సాధారణంగా ఆరు వారాలు దాటాక. అదే రోజు కుండ విప్పేయండి, ఆ తర్వాత తల్లినీ తండ్రినీ మళ్లీ ఒకే పంజరంలో ఉంచవచ్చు.

మళ్లీ కుండ ఎప్పుడంటే, పక్షికి కనీసం ఆరు నెలల విరామం కావాలి, అది లెక్క వేస్తే ఏప్రిల్ వస్తుంది. మీ ఊరి ఎండల్లో కుండలో గుడ్లు ఉడికిపోవడం, పిల్లలు రొప్పుతూ పోవడం తప్ప మరేమీ జరగదు. కాబట్టి వచ్చే ఏడాది వర్షాలు పడి వేడి తగ్గి, సెప్టెంబరు వచ్చేదాకా ఆగండి. అప్పటికి ఆడపక్షికి ఇరవై నెలలు, పిల్లలను కనడానికి మంచి వయసు. కుండ స్థానంలో చెక్క పెట్టె చేయించండి: అడుగు ఇరవై సెంటీమీటర్ల పొడవు, పదిహేను వెడల్పు, ఎత్తు ఇరవై, ద్వారం నాలుగున్నర సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రం, పైన లేక పక్కన తెరుచుకునే తలుపు. అడుగు చెక్కలో ద్వారానికి దూరంగా గుంట తొలిపించి, వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు రాలే పొట్టు రెండంగుళాల మందాన వేయండి. సన్నటి రంపపు పొట్టు కళ్లలో, ముక్కులో పడుతుంది, దూది పీచు కాళ్లకు చుట్టుకుంటుంది, అవి రెండూ వద్దు. పొట్టును ఆడపక్షి బయటకు తోసేస్తుంది, తోసిన ప్రతిసారీ మీరు మళ్లీ వేస్తూ ఉండాలి. ఏడాదికి రెండు విడతలు మించకుండా, రెండో విడత పిల్లలు బయటకు రాగానే పెట్టె తీసేయండి.

ఈ రెండు పిల్లలకూ మూడు నాలుగు నెలలు వచ్చేసరికి నుదుటి మీది నల్లటి చారలు రాలిపోయి, ముక్కు రంధ్రాల చుట్టూ ఉన్న మెత్తటి భాగం మగదానికి నీలంగా, ఆడదానికి తెల్లగానో గోధుమరంగుగానో తేలుతుంది. ఒళ్లంతా తెల్లగా ఉండే ఆల్బినో, పసుపుపచ్చగా ఉండే లుటినో రంగుల మగపక్షులకు మాత్రం అది గులాబీ రంగులోనే ఉండిపోతుంది. ఒకటి ఆడ, ఒకటి మగ అయితే వాటిని జతగా ఉంచకండి. ఎవరికైనా ఇవ్వదలచుకుంటే ఒకదాన్నిచ్చి, అవతలివారి దగ్గర నుంచి సంబంధం లేని పక్షిని మార్చుకోవచ్చు. అలా వచ్చిన కొత్త పక్షిని నెల రోజులు వేరే గదిలో ఉంచి, రెట్ట, ముక్కు, కళ్లు శుభ్రంగా ఉన్నాయని చూసుకున్నాకే మీ వాటితో కలపండి.